అరవై ఒకటో తట్ట

హిందూపురం మేదర వీధిలో తెల్లారితే మొదట వినిపించేది వెదురు చీలే చప్పుడు. వీధి అనడమే గానీ ఉన్నవి నాలుగిళ్ళు. నాలుగు వాకిళ్ళలోనూ ఆడవాళ్ళు కాళ్ళు బారచాపుకుని, ఒళ్ళో గోనెపట్ట పరుచుకుని, వెదురు బొంగును నిలువునా చీల్చి బద్దలు తీస్తుంటారు. మగవాళ్ళు రైలు దిగిన వెదుర్లను మోసుకొస్తారు, అల్లిన గంపల్ని సంతకు మోసుకుపోతారు. మధ్యలో జరిగే అసలు పనంతా ఆడవాళ్ళదే. ఈ మాట మగవాళ్ళ ముందు అంటే ఔననరు, కాదని కూడా అనరు.

ఆ నాలుగిళ్ళకూ పెద్దదిక్కు కుళ్ళాయమ్మ. నలభై ఐదేళ్ళ మనిషి, మొగుడు పోయి పదేళ్ళయింది. నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. ఆమె అల్లిన గంపలో నీళ్ళు పోసినా అవి కాసేపు ఆలోచించుకునే కారతాయని సంతలో అనుకునేవారు.

ఆమె గంపల సంగతి ఊరందరికీ తెలిసిందే. ఎన్ని కొన్నా ఇంటికి పోయి చూసుకునేసరికి ఒకటి ఎక్కువ ఉంటుంది. పది కొంటే పదకొండు, ఇరవై కొంటే ఇరవై ఒకటి. వాళ్ళ అత్తకు అత్త ఒకామె, చేతిలో చిల్లిగవ్వ లేని రోజున కూడా కొసరు వెయ్యకుండా సరుకు ఇంటి గడప దాటించేది కాదట. అట్లా వేసి వేసి, చివరికి ఆ ఇంటి గంపలకే కొసరు వెయ్యడం అలవాటైపోయింది. బెల్లం మండీవాళ్ళుగానీ, మిరపకాయల సాహుకార్లుగానీ దీన్నొక వింతగా చెప్పుకున్నది లేదు. చింతపండులో గింజలొస్తాయి, కుళ్ళాయమ్మ గంపల్లో కొసరొస్తుంది, అంతే. ఒకసారి ఒక బెల్లం వ్యాపారి అతితెలివికి పోయి, ఇరవై కొసర్లు రాబట్టాలని ఇరవై గంపల్నీ ఒక్కొక్కటిగా ఇరవైసార్లు బేరమాడి కొన్నాడు. ఇరవై కొసర్లూ వచ్చాయి. ఒక్కొక్కటి కుంకుడుకాయంత. వాళ్ళింటి పిల్లలు వాటితో బొమ్మలకు సంసారం పెట్టించుకున్నారు.

ఇక మునిసిపాలిటీ తట్టల సంగతి. వీధులూడ్చేవాళ్ళు, కాలువల్లో బురద తోడేవాళ్ళు కలిసి ఊరికి అరవైమంది. మనిషికో తట్ట. బురద మోసే తట్ట పదిహేను రోజులకు మించి బతకదు కాబట్టి, పదిహేను రోజులకోసారి కొత్తవి అరవై కావాలి. ఆ కంట్రాక్టు పదేళ్ళుగా రంగప్పది. వెదురు ఏ చివరనుంచి చీల్చాలో కూడా రంగప్పకు తెలియదు. తెలియాల్సిన అవసరం రాలేదు. మేదర వీధిలో అరవై కొంటాడు, దొడ్లో దింపితే అరవై ఒకటవుతాయి, ఆ ఒకటి తనకు ఉంచుకుని అరవై లెక్కగా మునిసిపాలిటీకి తోలతాడు. అతని కోళ్ళకు ఒక్కోదానికి రెండేసి తట్టల వైభోగం ఉండేది.

వెయ్యిన్నీ తొమ్మిది వందల యాభై తొమ్మిదిలో, ఉగాది దాటిన నాలుగు రోజులకు, రంగప్ప మేదర వీధి మొదట్లో నిలబడి కబురొకటి చల్లగా చెప్పాడు.

"అక్కా, ఇంగ మీ తట్టలు వద్దు. ఈసారి టెండర్లో బెంగుళూరు ఇనప తట్టలు పెడతాండా. ఒక్కటి కొంటే రెండేండ్లు. కాలం మారింది గదా."

"మరి మేమేం తినల్ల?" అంది నరసమ్మ. కుళ్ళాయమ్మకు తోడికోడలు ఈమె. మనసులో మాట ముందు ఈమె నోట్లోంచే వస్తుంది.

"బెంగుళూర్లో బిల్డింగులు కడతాండారు. తట్టలు మోసే పని శానా ఉండాది. మీకు తట్టలంటే అలవాటే గదా!"

రంగప్ప వెళ్ళిపోయాక వీధిలో చాలాసేపు వెదురు చీలలేదు. సంత బేరాలు ఉప్పుకూ మిరపకాయలకూ సరిపోతాయి. నాలుగిళ్ళలో పొయ్యి వెలిగేది మాత్రం ఆ అరవై తట్టల మీదనే. మధ్యాహ్నానికల్లా నరసమ్మ మొగుడు పాత ట్రంకుపెట్టె దించి దుమ్ము దులిపాడు. చిలమత్తూరు వైపు నుంచి రోజూ బస్సుల్లో బెంగుళూరికి కూలికి పోయేవాళ్ళను చూస్తూనే ఉన్నారు. పోయినవాళ్ళు పండక్కి వస్తారు, మళ్ళీ పోతారు. కొన్నాళ్ళకు పండక్కి రావడం కూడా మానేస్తారు.

కుళ్ళాయమ్మ ఆ పెట్టె వైపు చూసి, కత్తి కింద పెట్టి లేచింది.

"తట్టలు మోసేదానికి అంత దూరం పోవల్లనా? తట్టలు అమ్మేదానికి మున్సిపాల్టీ ఈడే ఉండాది. నేనే పోతా."

"వాండ్లు మనతో కొంటారా అక్కా?"

"పదేండ్లుగా కొన్నది ఎవరి తట్టలే? రంగప్పవా?"

నరసమ్మ మళ్ళీ కత్తి అందుకుంది. పెట్టె మాత్రం మళ్ళీ అటక ఎక్కలేదు. గోడ పక్కనే ఉంది.

మునిసిపాలిటీ గోడకు అంటించిన నోటీసు ఇంగ్లీషులో ఉంది. తాలూకా కచేరీ ముందు రేకుల పంచలో అర్జీలు రాసే పాపన్నను కుళ్ళాయమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసి చదివించింది. పాపన్నకు ఇంగ్లీషు ఎంత వచ్చో ఎవరికీ తెలియదు. దాన్ని పరీక్షించేంత ఇంగ్లీషు ఆ పంచ చుట్టుపక్కల లేదు.

"సీలేసిన కవరు కావల్ల, అది నేను చూస్తా," అన్నాడు పాపన్న, వేలితో గోడమీద ఒక్కో వరుసా జరుపుతూ. "ధరావతు కట్టల్ల, అది నువ్వు చూడు. మచ్చుకు ఒక తట్ట ఇయ్యల్ల. ఇంగ... సర్కారుకు ఇంతకుముందు సరుకు ఇచ్చినట్టు సర్టిఫికెట్టు పెట్టల్ల."

"సర్టిఫికెట్టు యాడుంటుంది?"

"రంగప్ప దగ్గర ఉంటుంది."

"తట్టలు నావి, సర్టిఫికెట్టు వానిదా?"

"కాయితం ఎవరిదైతే సరఫరా వాండ్లది, కుళ్ళాయక్కా. చెయ్యి ఎవరిదని సర్కారు అడగదు."

కుళ్ళాయమ్మ ఆ గోడ దగ్గరే చతికిలబడి ఆలోచించింది. రంగప్ప లేకుండా తాను నేరుగా సర్కారు చేతిలో తట్ట పెట్టింది ఎప్పుడైనా ఉందా? ఉంది. కరువొచ్చిన ఏడు పెనుకొండ చుట్టుపక్కల రోడ్లు వేయించారు. మట్టి మోయడానికి యాభై తట్టలు కావాలని మేస్త్రీ మనిషిని పంపితే, రాత్రింబగళ్ళు అల్లి, తానే బండిమీద కూర్చుని పోయి ఇచ్చి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి పెనుకొండలో దిగింది. కొండ కింద కచేరీలో పాత కాగితాలు చూసే గుమాస్తా ముసలాయన, కళ్ళద్దాలకు ఒక పక్క పుల్ల లేక దారం కట్టుకున్నాడు. ఈమె చెప్పింది విని ఆయన విసుక్కోలేదు. మూడు కట్టలు విప్పాడు, నాలుగోది విప్పుతూ ఆగాడు.

"యాభై అడిగితే యాభై ఒకటి ఇచ్చింది నువ్వేనా?"

"నేనే సామీ."

"ఆ యాభై ఒకటీ మట్టిలో మట్టైపోయినాయి. ఆ కరువులో ఒకటి ఎక్కువుందని ఎవరు అడిగినారు." ముసలాయన కాగితం తీసి కలం ముంచాడు. "ఏమని రాయమంటావు?"

"తక్కువ రాలేదని రాయండి."

"అట్ల అందరూ రాయించుకుంటారు. తక్కువ రాలేదు, రాబోదు అని రాస్తా."

ఆ కాగితాన్ని ఆమె రొంటిన దోపుకోలేదు, రవిక లోపల పెట్టుకోలేదు. చెమటకు సిరా చెడుతుందని దారి పొడుగునా రెండు చేతులతో పట్టుకుని, రైల్లో నిలబడే వచ్చింది. ధరావతుకు నాలుగిళ్ళ ఆడవాళ్ళూ పప్పు డబ్బాల అడుగునుంచి దుడ్లు తీశారు. ఎవరిది ఎంత అని ఎవరూ అడగలేదు.

మచ్చు తట్ట ఇచ్చిన రోజు ఆఫీసు గుమాస్తా బల్లమీద పెద్ద తట్ట పక్కన కుంకుడుకాయంత తట్ట కూడా కనిపించింది. "ఇదేంది?" అన్నాడు. "కొసరు సామీ. ఒకదానికి అంతే వస్తుంది," అంది ఈమె. ఆయనా హిందూపురం మనిషే. "సరే సరే, తెలుసులే," అని గుండుసూదులు అందులో పోసుకుని పని చూసుకున్నాడు. అప్పుడైనా కుళ్ళాయమ్మకు గుండెలో కలుక్కుమనాల్సింది. కానీ ఆమె ధ్యాసంతా కవరు మీద ఉంది.

కవర్లు అందరి ఎదుటా విప్పారు. వచ్చినవి రెండే. కమిషనరు కొత్తగా వచ్చిన ఉద్యోగి, గబగబా మాట్లాడతాడు, గబగబా సంతకం పెడతాడు. ఏడాది మొత్తానికి రంగప్ప ఇనప తట్టల ధరకూ, కుళ్ళాయమ్మ వెదురు తట్టల ధరకూ మధ్య తేడా చూసి ఆయన కనుబొమలు పైకి లేచాయి. మధ్యలో మనిషి లేకపోతే తట్ట ఎంత చవకో అప్పటిదాకా ఆ ఆఫీసుకు తెలియదు.

"ఇనుము ఎక్కువ కాలం వస్తుంది సార్," అన్నాడు రంగప్ప.

"నెత్తిన పెట్టుకోని చూసినావా సామీ దాన్ని? ఎండకు కాలితే మనిషి నెత్తిమీద దోసె పోయొచ్చు," అంది కుళ్ళాయమ్మ.

కమిషనరు నవ్వకుండా ఉండటానికి కాగితంలోకి చూశాడు. "తక్కువ ధర ఈమెది. సర్టిఫికెట్టు కూడా ఉంది. మొదటి విడత అరవై తట్టలు, ఈ నెల పదిహేనో తేదీ సాయంత్రం ఐదులోగా స్టోరులో ఇవ్వాలి. లెక్క సరిపోయిందని స్టోర్‌కీపరు సంతకం పెడితే కంట్రాక్టు ఈమెకు ఖాయం. పెట్టకపోతే రెండో కవరుకు పోతుంది."

మేదర వీధిలో ఆ పది రోజులూ కత్తులకు నిద్ర లేదు. నరసమ్మ పాట అందుకుంటే మిగతా మూడు వాకిళ్ళూ పలికేవి. అరవై తట్టలూ అల్లి, అంచులు రెండు వరసల్లో బిగించి కట్టి, పద్నాలుగో తేదీకే సిద్ధంగా పెట్టుకున్నారు. ఒక్కరికీ కొసరు గుర్తు రాలేదు. పదేళ్ళుగా ఆ బరువు మోసింది రంగప్ప దొడ్డి. కొన్నవాడికి కొసరు పోతుంది, ఈసారి కొన్నది మునిసిపాలిటీ అన్న ఆలోచనే వాళ్ళకు తట్టలేదు.

స్టోర్‌కీపరు పేరు మార్కండేయులు. ధర్మవరం పట్టు నేతగాళ్ళ బిడ్డ. చూపు సన్నపోగును పట్టలేని స్థితికి వచ్చాక మగ్గం వదిలి, పెద్దల సిఫార్సు లేకుండా పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాడు. మగ్గం గుంతలో కూర్చుని పోగులు ఎంచుతూ పెరిగిన మనిషి. ఒక పోగు తగ్గినా చీర చెడుతుంది, ఒక పోగు పెరిగినా చెడుతుంది అని వాళ్ళ నాయన చెప్పిన మాటను చీర నుంచి తెచ్చి స్టోరుకు తొడిగాడు. చెడ్డవాడు కాడు. ఇరవై చీపుర్లు అంటే ఇరవై చీపుర్లు అనేవాడు, అంతే.

పదిహేనో తేదీ మూడు గంటలకు బండి స్టోరు షెడ్డు ముందు ఆగింది. తట్టలు దించడానికి తిప్పమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చి చెయ్యి వేసింది. తిప్పమ్మ ఆ షెడ్డు దగ్గరే కనిపించే మనిషి. బదిలీ కూలి. రోజూ తెల్లారి అరవైమంది వరసగా నిలబడి పేరు పిలిపించుకుని తట్ట అందుకుంటుంటే ఆమె వరస బయట నిలబడుతుంది. ఎవరైనా రాకపోతే వాళ్ళ తట్ట ఆమెది, వాళ్ళ పని ఆమెది. అందరూ వస్తే ఇంటికి పోతుంది. ఆ రోజు అందరూ వచ్చారు. ఇంటికి పోయి చేసేదేముందని గోడ నీడన కూర్చుండిపోయింది.

మార్కండేయులు ఒక్కో తట్టా ఎంచుతుంటే తిప్పమ్మ పదేసి దొంతరగా పేర్చింది. ఆరు దొంతరలయ్యాయి. ఆమె చేతిలో ఇంకొకటి మిగిలింది.

"అరవై ఒకటి," అన్నాడు మార్కండేయులు.

"కొసరు సామీ," అంది కుళ్ళాయమ్మ. అంటూనే ఆమె ముఖం మారింది.

"కొసరు అని రాసేదానికి నా దగ్గర చోటు లేదమ్మా. ఈడ ఉండేది మనిషికో తట్ట. అరవై మంది, అరవై తట్టలు. ఒకటి ఎక్కువుంటే యాడో ఒకటి తక్కువున్నట్టే అని ఆడిట్టు వాండ్లు అంటారు. తీసుకోని పో."

కుళ్ళాయమ్మ దాన్ని తెచ్చి బండిలో పెట్టింది. మార్కండేయులు కలం తీసి, అలవాటు కొద్దీ ఇంకోసారి ఎంచాడు. అరవై ఒకటి. బండి ఖాళీగా ఉంది. ఈసారి వేరే తట్ట ఒకటి తీసి, నరసమ్మ చేతికిచ్చి ఇంటికి తోలారు. నరసమ్మ వీధి మలుపు దాటేసరికి చేతులు ఖాళీ అయి, తిరిగొచ్చింది. షెడ్డులో అరవై ఒకటి. మార్కండేయులు ఆశ్చర్యపోలేదు. ఇచ్చిన కొసరును వెనక్కి తీసుకుంటే రాదని ధర్మవరంలో కూడా తెలుసు. ఆయనకు కావలసింది ఆశ్చర్యం కాదు, అరవై.

నాలుగయింది. నాలుగున్నరయింది. గేటు బయట ఇనప తట్టల బండి ఒకటి వచ్చి ఆగింది. పక్కన రంగప్ప పంచె చెంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు. తొందరేమీ లేనివాడిలాగా కనిపించాడు.

పాపన్న పరిగెత్తుకుంటూ వచ్చి కుళ్ళాయమ్మను పక్కకు పిలిచాడు. "అక్కా, దీనికి మందు సులభం. అన్నిట్నీ బండికెత్తి, రెండు తీసి పక్కనపెట్టి, బేరం కొత్తగా మొదలుపెట్టు. యాభై తొమ్మిది ఇయ్యి. కొసరు కలిసి అరవై అవుతాయి. సంతకం పెట్టేస్తాడు."

లెక్క చక్కగా ఉంది. కుళ్ళాయమ్మకు కూడా అది చక్కగానే కనిపించింది. ఆమె బండి దాకా నడిచింది. గోడ పక్కనున్న ట్రంకుపెట్టె కళ్ళ ముందు మెదిలింది. ఆ పెట్టెలో ఎవరి బట్టలు ముందు సర్దుతారో కూడా కనిపించింది. ఒక్క నిమిషం నిజంగానే ఆశపడింది. ఆశపడినందుకు తరవాత చాలా ఏళ్ళు ఆమె తనను తాను తిట్టుకుంది.

"లేదు పాపన్నా," అంది చివరికి.

"ఏమక్కా, ఎవరికి నష్టం?"

"కొలత నిండినాకే కొసరు. కొలతలోనే కలిపితే అది కొసరు కాదు, కోత. మా ముసల్ది తిండి లేని రోజు కూడా ఆ పని చేయలే. నాకు ఈ పొద్దు తిండి ఉండాది."

"కంట్రాక్టు పోతుంది!"

"పోతే రంగప్ప ఇంటికే గదా పోయేది, వాని ఇల్లు నాకు తెల్సులే."

పొగరుగానే అంది. కానీ అన్నాక బండి చక్రం పట్టుకుని నిలబడింది.

షెడ్డు లోపల మార్కండేయులు ఐదోసారి ఎంచడం ముగించాడు. ఎంచిన ప్రతిసారీ తిప్పమ్మ దొంతరలు పేర్చింది, ప్రతిసారీ చివరి తట్ట ఆమె చేతిలోనే మిగిలింది. పెట్టడానికి చోటు లేక, కిందపెడితే మళ్ళీ లెక్క తప్పుతుందేమోనని భయపడి, ఆమె దాన్ని నెత్తిన పెట్టుకుని నిలబడింది.

"ఇది యాడ పెట్టల్ల సామీ?"

మార్కండేయులు తల ఎత్తి చూశాడు. వాళ్ళ నాయన మగ్గం గుర్తుకొచ్చింది ఆయనకు. పడుగు అంతా నేసి చీరలు కోసి తీశాక, నాయన మగ్గం మీద జానెడు పోగుల్ని నేయకుండా వదిలేసేవాడు. పట్టు ఎంత ప్రియమైనా వదిలేసేవాడు. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగుల్ని ఆ పాత కొసలకు ఒక్కొక్కటిగా అతికేవాడు. ఆ జానెడు మిగలకపోతే రేపటి చీర మొదలుపెట్టడం గగనం. ఒక పోగు పెరిగినా చీర చెడుతుందన్న మనిషే, ఎప్పుడూ ఆ జానెడును లెక్కలోకి తీసుకోలేదు, వృథా అని కూడా అనలేదు. అన్నేళ్ళు ఆ గుంతలో కూర్చుని కూడా ఈ సంగతి తనకెందుకు తోచలేదా అని మార్కండేయులుకు సిగ్గేసింది.

ఆయన గడియారం చూశాడు. ఐదుకు పది నిమిషాలు. రిజిస్టరు తెరిచి, "టెండరు ప్రకారం తట్టలు అరవై, సరిపోయినవి" అని రాసి సంతకం పెట్టాడు. ఆ కింద, ఏ గడిలోనూ కాకుండా, అంచున ఖాళీగా ఉన్న చోట ఇంకో వరస రాశాడు: "తట్ట ఒకటి. రావలసిన మనిషికి."

"ఆమె తట్టలు అందినాయి రంగప్పా," అని గేటువైపు కేకేశాడు. "నీ బండి తిప్పుకో."

కుళ్ళాయమ్మ ఆయనకు రెండు చేతులూ ఎత్తి మొక్కింది. తరవాత బండి ఎక్కి, ఎద్దుల్ని అదిలించి, వీధి మలుపు తిరిగాక నరసమ్మ భుజంమీద తల పెట్టి బిగ్గరగా ఏడ్చింది. ఇంటికి పోగానే ట్రంకుపెట్టెను అటక ఎక్కించింది తనే.

అంచున రాసిన వరసను ఎవరూ చూడరనుకుంటే పొరపాటు. కమిషనరు చూశాడు. "రావలసిన మనిషి ఎవరు?" అని ఎర్రసిరాతో అడిగాడు. "ఇంకా రాలేదు. తట్ట మాత్రం వచ్చి ఉన్నది. వెనక్కి పోవడం లేదు" అని మార్కండేయులు జవాబు రాశాడు. కమిషనరు తానే షెడ్డుకు వచ్చి రెండుసార్లు ఎంచుకుని, ఆ కాగితాన్ని కౌన్సిలు ముందు పెట్టాడు. కౌన్సిలు సభ్యుల్లో కుళ్ళాయమ్మ దగ్గర గంప కొననివాడు ఒక్కడూ లేడు.

"ఆమె కొసరు తిరిగిపోదప్పా," అన్నాడు వాళ్ళలో పెద్దాయన సుంకప్ప. "మా ఇంట్లో చూస్తాండాను గదా ముప్పై ఏండ్లనుంచి. తట్టను తీసేసేది కాని పని. మనిషినే పిలవల్ల."

ఊరు పెరిగింది, రైలుగేటు అవతల కొత్త వీధులు పడ్డాయి, అక్కడి కాలువలు తీసేవాళ్ళు లేరు అని ఇంకొకాయన గుర్తుచేశాడు. చర్చ అంతకంటే సాగలేదు. అరవై ఒకటో కూలి పోస్టు ఆ మధ్యాహ్నమే మంజూరైంది. రిజిస్టరులో కొసరుకు ఒక గడి గీసుకోవచ్చని మార్కండేయులుకు అనుమతి కూడా వచ్చింది. తరవాత విడతల్లో వచ్చిన కొసర్లు ఆ గడిలో కుదురుగా కూర్చుని, చిరిగిన తట్టల బదులు పనికి వచ్చేవి. కుళ్ళాయమ్మకు ఆ కంట్రాక్టు పదమూడేళ్ళు నడిచింది. తాడిమర్రి నుంచి, తనకల్లు నుంచి బుట్టలల్లేవాళ్ళు వచ్చి, సర్కారు టెండరు ఎట్ల పట్టల్ల అని అడిగితే ఆమె ఒకటే చెప్పేది: "కాయితం పాపన్నతో రాయించుకోండి. లెక్క నిండా ఇయ్యండి. భయపడే పని మాత్రం రంగప్పకు వదిలేయండి."

మంజూరైన మర్నాడు తెల్లారి షెడ్డు ముందు వరస కట్టారు. మార్కండేయులు పేర్లు పిలిచాడు. ఒక్కొక్కరే వచ్చి తట్ట అందుకున్నారు. అరవైమందీ వచ్చారు. వరస బయట నిలబడ్డ తిప్పమ్మ, చివరి మనిషి తట్ట తీసుకోవడం చూసి, కొంగు దులుపుకుని ఇంటిదారి పట్టింది.

"తిప్పమ్మా!"

ఆమె గబుక్కున వెనక్కి తిరిగి, అలవాటైన మాటే అడిగింది. "ఎవరికి జ్వరమొచ్చింది సామీ?"

"ఎవరికీ రాలేదు."

"యాడికన్నా పోయినారా?"

"లేదు. అందరూ వచ్చినారు."

తిప్పమ్మకు అర్థం కాలేదు. మార్కండేయులు తట్ట చాపాడు. ఆమె చేతులు చాపలేదు.

"అది ఎవరిది సామీ?"

"నీదే. పేరు రాసినారు. రేపు కూడా నీదే."

తిప్పమ్మ తట్ట తీసుకుంది. అందరూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా దాన్ని కింద పెట్టి, గోడకు ఆనుకుని ఏడ్చింది. "పదకొండేండ్లు సామీ," అంది ఎక్కిళ్ళ మధ్య. "పదకొండేండ్లు పొద్దున్నే లేచి, వీండ్లల్లో ఎవరికో ఒకరికి జ్వరం రావల్లని దేవునికి మొక్కి వస్తాంటి. నా కడుపు కోసం మొక్కితి. పుట్టమ్మ బిడ్డకు అమ్మవారు పోసినప్పుడు, ఆ పని నాకే వచ్చింది..."

వరసలో ముందున్న పుట్టమ్మ వెనక్కి వచ్చింది. తిప్పమ్మ కళ్ళు తన కొంగుతో తుడిచి, నేల మీది తట్టను ఎత్తి ఆమె నెత్తిన పెట్టింది. రైలుగేటు దాకా ఇద్దరూ కలిసి నడిచారు.

ఊళ్ళో అందరూ బాగుండగా తిప్పమ్మ పనికి పోవడం అదే మొదటిసారి.